సర్వర్ మీద నింద

బ్యాంకు కౌంటరు దగ్గరా, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ, టికెట్ల కిటికీ ముందూ మనకు అలవాటైపోయిన మాట "సర్వర్ స్లోగా ఉందండి". ఆ మాట పడ్డాక ఇక అడగడానికేమీ ఉండదు. ఎవరి చేతిలోనూ లేని సంగతి కాబోలనుకుని సర్దుకుపోతాం. విచిత్రమేమంటే, ఆ వ్యవస్థలను నడిపేవాళ్ళలోనూ చాలామంది అలాగే సర్దుకుపోతారు. కాకపోతే వాళ్ళు సర్దుకుపోవడానికి డబ్బు ఖర్చవుతుంది. మెమరీ రెట్టింపు చేస్తారు, క్లౌడ్ కంపెనీకి కట్టే అద్దె పెంచుకుని పై తరగతి మెషిన్ తీసుకుంటారు. కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. డేటా పెరిగాక కథ మళ్ళీ మొదటికొస్తుంది. నిజానికి తెర మీద చక్రం తిరుగుతున్నంతసేపూ ఆ మెషిన్ చేతగాక కూర్చోలేదు, ఒళ్ళు వంచి పని చేస్తూనే ఉంది. అయితే ఆ పనిలో చాలా భాగం అక్కరలేనిది. పది వరుసలతో తేలిపోయే ప్రశ్నకు కోటి వరుసలు చదువుతోంది. ఎందుకలా చదువుతోందంటే, డేటాబేస్ తన దగ్గరున్న సమాచారంతో ఒక అంచనా వేసుకుంది, అది తప్పింది. లేదా సరైన దారి దొరక్కుండా మనమే ప్రశ్నను మెలిపెట్టి అడిగాం. నెమ్మదించిన క్వెరీని, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను, బాగుచేయడమంటే ముందు ఆ అంచనా ఎక్కడ తప్పిందో పట్టుకోవడమనీ, మెషిన్ మార్చడం ఆ తర్వాతి మాటనీ నా వాదన.

డేటాబేస్ అసలు అంచనా ఎందుకు వేసుకోవాలి? దీనికి జవాబు 1970లో ఉంది. ఆ ఏడాది జూన్‌లో ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే గణితవేత్త ఒక పత్రం ప్రచురించాడు. అప్పటిదాకా డేటా కావలసిన ప్రోగ్రామర్ ఆ డేటా డిస్కులో ఎలా పేర్చి ఉందో, ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు లంకె ఉందో తెలుసుకుని, ఆ లంకెలు పట్టుకుని నడుచుకుంటూ పోవలసి వచ్చేది. పేర్చిన తీరు మారిస్తే ప్రోగ్రాములన్నీ తిరగరాయాలి. కాడ్ దాన్ని తలకిందులు చేశాడు. డేటా అంతా మామూలు పట్టికలుగా కనిపించాలి, మనిషి తనకేం కావాలో మాత్రమే చెప్పాలి, దాన్ని ఏ దారిన తేవాలో యంత్రమే తేల్చుకోవాలి అన్నాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ ఆలోచనకు ఇంగ్లీషు వాక్యాల్లా చదువుకోగలిగే ఒక భాష కట్టారు. ఇవాళ ఎస్‌క్యూఎల్ అని పిలుస్తున్నది దాన్నే. ఈ ఒప్పందంలో మనకు దక్కిన సుఖం చాలా పెద్దది. కానీ అందులో రాసిలేని షరతు ఒకటుంది. జవాబు సరిగ్గా ఉంటుందన్న హామీ ఉంది గానీ, ఎంతసేపట్లో వస్తుందన్న హామీ లేదు.

ఏ దారిన తేవాలో తేల్చే భాగాన్ని ఆప్టిమైజర్ అంటారు. మూడు టేబుళ్ళను కలిపి ఒక జవాబు తేవాలంటే వాటిని ఆరు వరుసక్రమాల్లో కలపవచ్చు. పది టేబుళ్ళయితే ఆ సంఖ్య 36 లక్షలు దాటుతుంది. జవాబు అన్ని దారుల్లోనూ ఒకటే, పట్టే సమయంలో మాత్రం సెకనుకూ గంటకూ ఉన్నంత తేడా రావచ్చు. అన్నీ నడిచి చూసి మంచిది ఎంచుకోవడం కుదరదు గనక, నడవకముందే ఏది చవకో లెక్కగట్టాలి. ఆ లెక్కగట్టే పద్ధతిని 1979లో ఐబీఎంకే చెందిన ప్యాట్రీషియా సెలింజర్ బృందం ప్రకటించింది. ఒక్కో షరతుకు ఎన్ని వరుసలు తేలతాయో ఊహించు, ఆ ఊహను బట్టి ఎన్ని పేజీలు చదవాలో లెక్కించు, తక్కువ ఖర్చు తేలిన దారి పట్టు. వివరాలు తెలియనప్పుడు ఏం చేయాలో కూడా అందులో ఉంది. ఒక కాలమ్ ఫలానా విలువకు సమానం కావాలని అడిగితే, ఆ కాలమ్ గురించి ఏ సమాచారమూ లేకపోతే, పదింట ఒక వంతు వరుసలు సరిపోతాయని అనుకో. ఎందుకు పదింట ఒకటి? ఏదో ఒకటి అనుకోవాలి కాబట్టి. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, ఈ రోజు మనం వాడుతున్న ప్రధాన డేటాబేసుల్లో చాలావాటి ఎముకల గూడు ఇదే. సమాచారం మెరుగైంది, ఊహించడం మాత్రం పోలేదు.

ఊహ తప్పితే నష్టమెంతో తెలియాలంటే చదవడం ఎలా జరుగుతుందో కాస్త చూడాలి. డేటాబేస్ డిస్కు నుంచి వరుస వరుసగా చదవదు, పేజీలుగా చదువుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పేజీ 8 కిలోబైట్లు, మైఎస్‌క్యూఎల్ అనే ఇంకోదానిలో మామూలుగా 16. ఒక్కో వరుస 200 బైట్లుండే కోటి వరుసల టేబుల్ ఉందనుకుందాం. 8 కిలోబైట్ల పేజీలో సుమారు 40 వరుసలు పడతాయి, అంటే మొత్తం రెండున్నర లక్షల పేజీలు. ఇండెక్స్ లేకుండా ఒక మనిషి వివరం కావాలంటే ఆ రెండున్నర లక్షలూ తిరగేయాలి. పోలింగ్ బూత్‌లో ఓటరు స్లిప్ లేకుండా పేరు మాత్రం చెప్పి నిలబడితే, ఇంటి నంబర్ల వరుసలో ఉన్న జాబితాను సిబ్బంది మొదటి నుంచీ వెతుక్కున్నట్టే ఉంటుంది. స్లిప్ మీద వరుస సంఖ్య ఉంటే వేలు నేరుగా అక్కడికే వెళుతుంది. ఇండెక్స్ చేసే పని అదే. బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించి 1972లో ప్రచురించిన బీ-ట్రీ అనే నిర్మాణమే ఇప్పటికీ ఇండెక్సులకు ఆధారం. ఒక్కో పేజీలో 300 దారిసూచికలు పడితే, మూడు మెట్లు దిగేసరికి 2 కోట్ల 70 లక్షల విలువల్లో ఏదైనా దొరుకుతుంది. నాలుగో మెట్టు కలిపితే 810 కోట్లు. రెండున్నర లక్షల పేజీలు చదవవలసిన చోట నాలుగైదు చదివితే చాలు. మార్కెట్లో ఏ మెషిన్ కొన్నా ఇంత తేడా రాదు.

అయితే ప్రతి కాలమ్‌కూ ఒక ఇండెక్స్ కట్టేస్తే సరిపోదా అని వెంటనే అడుగుతారు. సరిపోదు. అందుకు కారణం చాలామంది అనుకునేటట్టు డిస్కు స్థలం కాదు. అదే కోటి వరుసల టేబుల్‌లో పదో వంతు, అంటే పది లక్షల వరుసలు కావాలని అడిగామనుకోండి. పేజీకి 40 వరుసలున్నాయి. పదో వంతు వరుసలు టేబుల్ అంతటా చెదిరి ఉంటే సగటున ఒక్కో పేజీలో నాలుగు తగులుతాయి. మనకు కావలసినదేదీ లేని పేజీలు నూటికి రెండు కూడా ఉండవు. ఇండెక్స్ పట్టుకుని వెళ్ళినా చివరికి దాదాపు అన్ని పేజీలూ ముట్టుకోవలసిందే, పైగా ముందుకూ వెనక్కూ గెంతుతూ. దానికన్నా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గబగబా చదివేయడమే నయం. ఆప్టిమైజర్‌కు ఈ సంగతి తెలుసు. "ఇండెక్స్ ఉన్నా వాడట్లేదేమిటి" అని విసుక్కునే సందర్భాల్లో కొన్నిటిలో డేటాబేస్ చేసిందే సరైన పని. ఇక రాత వైపు చూస్తే, ఒక కొత్త వరుస చేర్చినప్పుడల్లా ఆ టేబుల్ మీదున్న ప్రతి ఇండెక్స్‌నూ సవరించాలి. పన్నెండు ఇండెక్సులున్న టేబుల్‌లో ఒక వరుస రాయడమంటే పదమూడు చోట్ల రాయడం. రిపోర్టు వేగం కోసం కట్టిన ఇండెక్సులు బిల్లింగ్ కౌంటరును నెమ్మదింపజేస్తుంటే, కౌంటరులో ఉన్నతనికి దాని కారణం ఎప్పటికీ తెలియదు.

ఇండెక్స్ ఉండీ, అది అవసరమైన చోటే ఉండీ, ప్రశ్న అడిగిన తీరు వల్ల వృథా అయ్యే సందర్భాలు ఇంకో రకం. ఫోన్ నంబరును అక్షరాల కాలమ్‌గా దాచి, క్వెరీలో దాన్ని కొటేషన్ గుర్తులు లేకుండా అంకెగా రాస్తే మైఎస్‌క్యూఎల్ ప్రతి వరుసలోని అక్షరాలనూ అంకెగా మార్చి పోల్చుకుంటుంది, ఇండెక్స్ పక్కన పడి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఈ రెండిటినీ పోల్చనని మొహం మీదే చెబుతుంది. ఆ మొండితనమే మంచిదని నాకనిపిస్తుంది. అలాగే, తేదీ కాలమ్ నుంచి ఏడాదిని బయటికి తీసి "ఇది 2024కు సమానమా" అని అడిగితే తేదీల ఇండెక్స్ పనికిరాదు. 2024 జనవరి 1 నుంచి 2025 జనవరి 1కి ముందు వరకు అని అడిగితే పనికొస్తుంది. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. మన పేర్లతోనే వచ్చే చిక్కు మరొకటుంది. పేరు "వెంకట"తో మొదలయ్యేవాళ్ళు కావాలంటే అక్షరక్రమంలో ఉన్న ఇండెక్స్ దారి చూపగలదు. చివర "రావు" ఉన్నవాళ్ళందరూ కావాలంటే దానికేమీ తోచదు, మొత్తం చదవాల్సిందే. అలాంటి వెతుకులాట రోజూ ఉండేదైతే, పేర్లను మూడేసి అక్షరాల ముక్కలుగా చేసి దాచే వేరే రకం ఇండెక్స్ కట్టాలి. ఏ ప్రశ్నలు తరచు వస్తాయో తెలియకుండా ఏ ఇండెక్స్ కట్టాలో తెలియదు.

ఇవన్నీ కొంత ఓపికతో కళ్ళకు కనిపించే లోపాలు. కనిపించనిదీ, ఎక్కువ నష్టం చేసేదీ లోపలి అంచనా. ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒక టేబుల్ ఉందనుకుందాం. కోటి వరుసలు, 2022 నాటి విభజన ప్రకారం 26 జిల్లాలు, సుమారు 680 మండలాలు, లెక్క సులువు కోసం అన్నీ సమానంగా ఉన్నాయనుకుందాం. "జిల్లా గుంటూరు, మండలం తెనాలి" అని అడుగుతాం. మనిషికైతే రెండో మాట చెప్పాక మొదటి మాట అక్కరలేదు, తెనాలి ఉన్నదే గుంటూరు జిల్లాలో. ఆప్టిమైజర్‌కు ఆ సంగతి తెలియదు. రెండు షరతులకూ ఏ సంబంధమూ లేదనుకుని గుణిస్తుంది: కోటిలో 26వ వంతు, అందులో 680వ వంతు, వెరసి సుమారు 565 వరుసలు. నిజంగా ఉండేవి 14,700. ఒక్క షరతుతోనే అంచనా 26 రెట్లు తగ్గిపోయింది. ఈ వరుసలను ఇంకో టేబుల్‌తో కలపాల్సి వస్తే, 565 వరుసలే కదా అని, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని రెండో టేబుల్‌లో వెతికే పద్ధతి ఎంచుకుంటుంది. ఎక్కువ వరుసలని తెలిసి ఉంటే ఒక టేబుల్‌ను మెమరీలో ఒకసారి పేర్చుకుని, రెండోదాన్ని దాని మీదుగా ఒక్కసారే నడిపించే పద్ధతి పట్టేది. ఆ తర్వాత మూడో టేబుల్, నాలుగో టేబుల్. ఒక్కో చోట పది రెట్లు తప్పినా మూడు చోట్ల తప్పేసరికి వెయ్యి రెట్లవుతుంది.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. పొరపాటు జాయిన్ల, అంటే టేబుళ్ళను కలిపే అడుగుల, సంఖ్యతో పాటు విపరీతంగా పెరుగుతుందని యానిస్ ఇయొనిడిస్, స్టావ్రోస్ క్రిస్టోడులాకిస్ 1991లోనే గణితపరంగా చూపించారు. 2015లో విక్టర్ లైస్, పీటర్ బాంట్జ్, థామస్ నాయ్‌మన్ తదితరులు దాన్ని నిజమైన డేటా మీద కొలిచారు. అంతకుముందు ఆప్టిమైజర్లను పరీక్షించడానికి వాడే డేటా చాలావరకు కృత్రిమంగా తయారుచేసినది. అందులో విలువలన్నీ సమానంగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయి, అంటే ఆప్టిమైజర్ ఊహలకు అచ్చంగా సరిపోయేలా. వీళ్ళు ఐఎండీబీ సినిమా సమాచారాన్ని తీసుకుని, 113 క్వెరీలు రాసి, పోస్ట్‌గ్రెస్‌తో పాటు కొన్ని వాణిజ్య డేటాబేసుల మీదా నడిపారు. సినిమా సమాచారం సంబంధాల పుట్ట. తెలుగు సినిమాల్లో నటించేవాళ్ళలో ఎక్కువమంది హంగేరీ సినిమాల్లో కనిపించరని మనకు తెలుసు, గుణకారానికి తెలియదు. అన్ని డేటాబేసులూ పెద్ద పెద్ద తప్పులు చేశాయి, జాయిన్లు పెరిగేకొద్దీ తక్కువ అంచనా వైపే జారాయి. ఖర్చు లెక్కించే సూత్రాలు ఎంత సున్నితంగా ఉన్నాయన్నది ఫలితాన్ని పెద్దగా మార్చలేదు. వరుసల సంఖ్య ఎంత సరిగ్గా ఊహించారన్నదే మార్చింది. ఇంకో సంగతీ తేలింది. ఇండెక్సులు ఎక్కువున్నప్పుడు మొత్తమ్మీద వేగం పెరిగినా, ఆప్టిమైజర్ ఎంచుకున్న దారికీ ఉత్తమమైన దారికీ మధ్య దూరం కూడా పెరిగింది. మంచి దారులు ఎక్కువైనప్పుడు తప్పుదారికి చెల్లించే మూల్యమూ ఎక్కువే. మన దేశంలోనూ బెంగళూరు ఐఐఎస్సీలో జయంత్ హరిత్స బృందం, షరతులు కొంచెం కొంచెంగా మారుతున్నప్పుడు ఆప్టిమైజర్ ఏ ప్లాన్ నుంచి, అంటే ఎంచుకున్న ఏ దారి నుంచి, ఏ ప్లాన్‌కు దూకుతుందో రంగుల పటాలుగా గీసి చూపించింది. ఆ పటాలు అంత ముక్కలుచెక్కలుగా కనిపించాయి గనకే వాటిని గీసే సాధనానికి పికాసో అని పేరు పెట్టారు.

అంచనాకు ముడిసరుకు గణాంకాలు. పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో టేబుల్ ఎంత పెద్దదైనా 30,000 వరుసలు మచ్చుకు తీసుకుని, ఒక్కో కాలమ్‌లో ఎక్కువసార్లు కనిపించే విలువలు నూటికి మించకుండా గుర్తుపెట్టుకుంటుంది. 680 మండలాలున్న చోట ఎక్కువ మండలాల సంగతి దానికి సగటుగానే తెలుసు. ఆ గణాంకాలు కూడా ప్రతి మార్పుకూ తాజా అవవు. టేబుల్‌లో సుమారు పదో వంతు మారాకే దానంతట అది మళ్ళీ సేకరిస్తుంది. కోటి వరుసలుంటే పది లక్షల మార్పులయ్యేదాకా పాత లెక్కే. రాత్రికి రాత్రి తొమ్మిది లక్షల కొత్త వరుసలు ఎక్కించి, పొద్దున్నే "ఈ రోజు తేదీవి" అని అడిగితే, అలాంటివి దాదాపు లేవనే నమ్మకంతో అది దారి ఎంచుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పటిలా ఒక కాలమ్ అర్థమే మారిపోయే రోజు వస్తే, ఆ మార్పు ఎక్కించగానే గణాంకాలు మళ్ళీ సేకరించమని ఒక్క ఆదేశం ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. ఇవ్వకపోతే మాత్రం గంటల తరబడి తిప్పలు. జిల్లా, మండలం లాంటి జంటల మధ్య సంబంధం ఉందని డేటాబేస్‌కు విడిగా చెప్పే వీలు పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఉంది. దాన్ని వాడేవాళ్ళు తక్కువ.

ఇదంతా లోపల జరిగే సంగతి కదా, బయటినుంచి ఎలా తెలుస్తుంది? అడిగితే డేటాబేసే చెబుతుంది. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అనే మాట చేరిస్తే ఏ దారిన వెళ్ళబోతున్నదో, ఒక్కో అడుగులో ఎన్ని వరుసలు వస్తాయనుకుంటున్నదో రాసి ఇస్తుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అంటే నిజంగా నడిపి, ఊహించిన సంఖ్య పక్కనే వాస్తవ సంఖ్య కూడా చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇది చాలాకాలంగా ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో 2019లో వచ్చింది. నిజంగా నడుపుతుందన్న మాట మరిచి పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ క్వెరీ ముందు పెడితే వరుసలు నిజంగానే పోతాయి. ఆ ప్లాన్ పొడవు చూసి జడిసేవాళ్ళు సాధారణంగా ఎక్కువ సమయం పట్టిన అడుగు కోసం వెతుకుతారు. నేనైతే ముందు సమయం చూడొద్దంటాను. లోపలి అడుగుల నుంచి పైకి చదువుతూ, ఊహకూ వాస్తవానికీ మొదటిసారి పెద్ద తేడా ఎక్కడ వచ్చిందో చూడాలి. ఒకే అడుగు చాలాసార్లు నడిస్తే పోస్ట్‌గ్రెస్ చూపే వరుసల సంఖ్య ఒక్కసారికి సగటు అని గుర్తుంచుకుని, మొత్తం తెలియాలంటే ఎన్నిసార్లు నడిచిందో దానితో గుణించాలి. 565 అనుకున్న చోట 14,700 వచ్చిందంటే జబ్బు అక్కడ మొదలైంది. సమయం తిన్న అడుగు ఆ పైనెక్కడో ఉండవచ్చు, అది జబ్బు లక్షణం మాత్రమే. తేడా ఎక్కడా లేకుండా, ఊహ సరిగ్గానే ఉండి కూడా నెమ్మదిగా ఉంటే అప్పుడు ఇండెక్స్ లేదేమో, మనమే అవసరానికి మించి అడుగుతున్నామేమో చూడాలి.

దీనికి గట్టి అభ్యంతరం డబ్బు వైపు నుంచి వస్తుంది. ఇంజనీరు వారం రోజుల జీతంకన్నా మెమరీ చవక, టేబుల్ అంతా మెమరీలో పడితే డిస్కు గొడవే ఉండదు, ఇన్ని పాట్లెందుకు అంటారు. ఇందులో కొంత నిజముంది. మెమరీలోంచి చదవడం డిస్కు కంటే ఎన్నో రెట్లు వేగం. కానీ కోటి వరుసలను మెమరీలోంచి చదివినా కోటి పోలికలు ప్రాసెసర్ చేయాల్సిందే, ఆ సమయంలో అది ఇంకొకరికి దొరకదు. రెట్టింపు వేగం ఉన్న మెషిన్ సమయాన్ని మహా అయితే సగం చేస్తుంది. డేటా ఏటా రెట్టింపయ్యే చోట ఆ లాభం ఏడాదిలో కరిగిపోతుంది. రెండు టేబుళ్ళను ఇండెక్స్ లేకుండా వరుసకు వరుస పోల్చే ప్లాన్ అయితే, రెండూ రెట్టింపయ్యేసరికి పని నాలుగింతలవుతుంది. అలాగని మెషిన్ ఎప్పుడూ తప్పు జవాబని కాదు. పరీక్షా ఫలితాల ఉదయం లాంటివి వేరే కోవ. హాల్ టికెట్ నంబరుతో వెతకడం ఇండెక్స్‌కు అతి తేలిక పని, అక్కడ క్వెరీలో బాగుచేయడానికేమీ ఉండదు, వచ్చిపడే జనమే సమస్య. ఒకే కౌంటరున్న క్యూ మీద సాధారణంగా వేసే లెక్క ప్రకారం, కౌంటరు సగం సమయం ఖాళీగా ఉంటే మనిషికి పట్టే మొత్తం సమయం అసలు పనికి రెట్టింపు. నూటికి తొంభై వంతుల సమయం పనిలో ఉంటే పది రెట్లు. అలాంటి రోజుకు ఫలితాలను ముందే సిద్ధం చేసి డేటాబేస్ జోలికే వెళ్ళకుండా అందించడమో, మెషిన్లు పెంచడమో సరైన పని. అయితే ఆ లెక్కే మిగతా రోజుల్లో నా వాదనను బలపరుస్తుంది. ఒక పనికిమాలిన రిపోర్టు కౌంటరును తొంభై వంతులు నింపేస్తుంటే, దాన్ని సరిచేసిన వెంటనే ఏ తప్పూ లేని మిగతా క్వెరీలన్నీ వాటంతటవే వేగం పుంజుకుంటాయి.

ఏ క్వెరీని ముందు పట్టుకోవాలన్న దగ్గర కూడా కంటికి కనిపించేది మోసం చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో నెమ్మదైన క్వెరీల చిట్టా తెరిస్తే, మామూలు అమరికలో పది సెకన్లు దాటినవే అందులో నమోదవుతాయి. రోజుకొకసారి 30 సెకన్లు తీసుకునే రిపోర్టు అందులో దొరుకుతుంది. 2 మిల్లీసెకన్లలో ముగిసి, రోజుకు పది లక్షలసార్లు నడిచే క్వెరీ దొరకదు. దాని మొత్తం 2,000 సెకన్లు, అరగంట పైమాట. ఇలాంటివి ఎక్కువగా ప్రోగ్రామర్ స్వయంగా రాయని ఎస్‌క్యూఎల్ నుంచి పుడతాయి. ఎస్‌క్యూఎల్‌ను తామే రాసిపెట్టే జాంగో లాంటి చట్రాలు వాడేటప్పుడు ఒక పేజీలో 50 ఆర్డర్లు చూపిస్తూ, ఒక్కో ఆర్డరు పక్కన కొనుగోలుదారు పేరు కావాలంటే, జాగ్రత్త పడకపోతే ఆర్డర్లకొకటి, పేర్లకు యాభై, మొత్తం 51 క్వెరీలు వెళతాయి. ఒక్క జాయిన్‌తో అయ్యే పని. ప్రతి క్వెరీ ప్లాన్ విడివిడిగా చూస్తే నిర్దోషే. అందుకే ఒక్కసారికి పట్టే సమయం కాకుండా, ఎన్నిసార్లు నడిచిందో కలిపి మొత్తం సమయం చూపే గణాంకాలతో పని మొదలుపెట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే అనుబంధం ఆ పనే చేస్తుంది. పేజీల వారీగా జాబితా చూపించేటప్పుడూ ఇలాంటి దొంగఖర్చే ఉంది. పేజీకి 20 చొప్పున 5,000వ పేజీ అడిగితే, చాలా ప్రోగ్రాములు లక్ష వరుసలు చదివించి, చివరి ఇరవై తప్ప అన్నీ పారేయిస్తాయి. గత పేజీ చివరి వరుస ఏదో గుర్తుపెట్టుకుని దాని తర్వాతివి ఇవ్వమంటే ఇరవయ్యే చదువుతుంది.

అంచనా తప్పుతోందని తెలిసినప్పుడు, ఆ అంచనాలతో కుస్తీ ఎందుకు, ఈ దారినే పొమ్మని నేరుగా ఆదేశిస్తే పోలేదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. ఒరాకిల్ లాంటివాటిలో అలాంటి సూచనలు క్వెరీలోనే రాయవచ్చు. పోస్ట్‌గ్రెస్ సముదాయం చాలా ఏళ్ళపాటు వాటిని పట్టుబట్టి దూరం పెట్టింది. ఈ విషయంలో నా మొగ్గు పోస్ట్‌గ్రెస్ వైపే, కాకపోతే పూర్తిగా కాదు. సూచన రాసిన రోజున డేటా ఎలా ఉందో దానికే ఆ సూచన సరిపోతుంది. రెండేళ్ళ తర్వాత డేటా మారినా దారి మారదు, ఎందుకు రాశారో చెప్పేవాళ్ళు ఉద్యోగం మారి ఉంటారు. అర్ధరాత్రి వ్యవస్థ ఆగిపోయినప్పుడు మాత్రం గణాంకాల సిద్ధాంతం ఎవరికీ అక్కరలేదు, అప్పుడు సూచన రాసి గండం గట్టెక్కడమే సబబు. ఒకే క్వెరీ ఒకసారి వేగంగా, ఇంకోసారి నెమ్మదిగా నడిచే సందర్భంలో అయితే స్థిరమైన ఏ ఒక్క దారీ సరిపోదు. అరుదైన ఇంటిపేరుతో మొదటిసారి అడిగినప్పుడు వేసుకున్న ప్లాన్‌ను దాచుకుని, లక్షలమందికి ఉన్న పేరుతో అడిగినప్పుడూ అదే వాడటం మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత తలనొప్పి. 2022 వెర్షన్‌లో దానికి, విలువలను బట్టి ఒకే క్వెరీకి ఒకటికి మించిన ప్లాన్లు దాచుకునే ఏర్పాటు చేశారు.

చివరి అభ్యంతరం ఇవాళ్టిది. యంత్రాలే నేర్చుకుంటున్న రోజుల్లో ఇదంతా మనిషి ఎందుకు చేయాలి? ఈ ఆశ కొత్తది కాదు. తన అంచనాను వాస్తవంతో పోల్చి, తర్వాతి అంచనాను దిద్దుకునే ఆప్టిమైజర్‌ను ఐబీఎం పరిశోధకులు 2001లోనే లియో పేరుతో చూపించారు. మైక్రోసాఫ్ట్ అజ్యూర్, ఒరాకిల్ 19సీ తమంతట తామే ఇండెక్సులు కట్టి, లాభం లేకపోతే తీసేసే ఏర్పాట్లు తెచ్చాయి. ఇవి ఇంకా మెరుగవుతాయి, మెరుగవ్వాలి కూడా. పైన చెప్పిన అంచనా తప్పుల్లో చాలావాటిని ఏదో ఒక రోజు మనిషి ప్రమేయం లేకుండానే అవి దిద్దుకోగలవని నమ్మడానికి ఆధారాలున్నాయి. కానీ అవి దిద్దేది దారిని. అడిగిన ప్రశ్నను అవి తీసివేయలేవు, ఎందుకంటే ఏం అడగాలన్నది మన ఇష్టమనే 1970 ఒప్పందంలో ఉంది. నలభై కాలమ్‌లలో రెండే తెర మీద చూపిస్తూ నలభై అడిగే ప్రోగ్రామ్‌కు, ఎవరూ తెరవని అయిదేళ్ళ రిపోర్టును గంటగంటకూ తాజాపరిచే పనికి, ఆ 51 క్వెరీలకు ఆప్టిమైజర్ ఎంత తెలివైనదైనా అడిగినదంతా తెచ్చి ఇవ్వాల్సిందే. ఆ రిపోర్టు ఎవరైనా చదువుతున్నారా అన్నది ప్లాన్‌లో కనిపించదు. ఆఫీసులో పక్క బల్ల దగ్గరికి వెళ్ళి అడిగితే తెలుస్తుంది.